సగం సినిమాకు సగం వాన

18 ఆగస్టు 1985, ఆదివారం

ఊరికి టెంటు సినిమా వచ్చింది. వీరప్ప చేనులో గుంజలు పాతుతున్నారు. విత్తనం వేసి, మొలక రాక వదిలేసిన చేను అది. వేరుశనగ ఎండిపోతుంటే సినిమాలేంటని స్కూల్లో అందరికంటే ముందు నేనే విసుక్కున్నాను. స్కూల్లో అందరూ అంటే నేనూ, నీళ్ళు తెచ్చిపెట్టే ఓబక్కా. మాది సింగిల్ టీచర్ స్కూలు.

వీరప్ప ఈ ఊరికి పెద్దమనిషి. నేనుండే రూము కూడా ఆయనదే. సాయంత్రం వచ్చి, టెంటు శ్రీరంగప్పకి మైకులో సినిమా పేరు చెప్పే గొంతు కావాలంట టీచరమ్మా, నీ గొంతు బాగుంటాది గదా అన్నాడు. నేను గవర్నమెంటు టీచర్ని, టెంటు ముందర అరిచేదాన్ని కాదు అన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు.

నా గొంతు బాగుంటుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మిగతాది బాగుండదనే కదా అర్థం.

ఈ ఏడు శ్రావణం రెండుసార్లు వచ్చింది. వాన ఒక్కసారీ రాలేదు.

21 ఆగస్టు

అమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాను. వంక పక్కన, కంప చెట్ల మధ్య. కుక్కలు తవ్వకుండా పేర్చిన రాళ్ళు పేర్చినట్టే ఉన్నాయి.

అమ్మ పోయింది మే నెలలో, ఇదే రూములో. అమ్మకు ముఖం మీద, మెడ మీద, చేతుల మీద తెల్ల మచ్చలు. నాకు చేతులు, పెదవులు, ఎడమ కన్ను చుట్టూ. డాక్టర్లు ల్యూకోడెర్మా అంటారు, అంటుకోదు అంటారు. ఊరు తొన్ను అంటుంది. ఆ మాట నా ఎదురుగా ఎవరూ అనరు, చాటుగా అందరూ అంటారు. ముప్పై ఆరేళ్ళు వచ్చినా నాకు పెళ్ళెందుకు కాలేదో మళ్ళీ రాయక్కర్లేదు.

అమ్మ చిన్నతనంలో, మచ్చలు పోతాయని మడకశిర వైపు ఎవరో నాటు వైద్యుడు ఇనుప కడ్డీ కాల్చి వాతలు పెట్టాడు. ఒకటీ రెండూ కాదు, వీపంతా. ఆ తర్వాత జీవితంలో అమ్మ పొయ్యి దగ్గర కూర్చోలేదు. మా ఇంట్లో నాయనే వండేవాడు. నాయన పోయాక నేను. చివరి రోజుల్లో అమ్మది ఒకటే మాట. నన్ను నిప్పుకు ఇయ్యొద్దు పాపా, మట్టిలో పెట్టు, చల్లగా ఉంటాది అని. సరేనని చేతిలో చెయ్యి వేశాను. మావాళ్ళలో పూడ్చడమే ఆచారం కాబట్టి ఎవరూ కాదనలేదు. అమ్మ నన్ను జీవితంలో కోరింది ఆ ఒక్కటే. అది జరిగిపోయిందన్న తృప్తి నాకుంది.

23 ఆగస్టు, రాత్రి పన్నెండు దాటింది

నిద్ర రావడం లేదు. ఇంత సంతోషం నాకు ఎప్పుడు కలిగిందో గుర్తు లేదు.

శ్రీరంగప్పకు బళ్ళారి నుంచి రావలసిన పెట్టె తారుమారైంది. పైన చీటీ పౌరాణికానిది, లోపల రీళ్ళు ఇంగ్లీషువి. ఆపరేటర్ నాగప్ప మొదటి రీలు ఎక్కించాక గానీ తెలియలేదు. అప్పటికి టెంటు నిండిపోయింది. పక్క ఊళ్ళ నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చారు. పేర్లు పడే ముక్క ఎక్కడో తెగిపోయినట్టుంది, సినిమా పేరు రాలేదు, పాడేవాళ్ళ పేర్లూ రాలేదు. నలుగురు తెల్లవాళ్ళు, వీపుల మీదికి జుట్టు, గిటార్లు, డ్రమ్స్. కథ లేదు, హీరోయిన్ లేదు. పెద్ద మైదానంలో లెక్కలేనంత జనం. ఆ నలుగురూ పాడతారు, ఈ జనం ఊగుతారు. అంతే సినిమా. రాక్ కాన్సర్ట్‌ను ఉన్నది ఉన్నట్టు తీసిపెట్టారు.

ముందు నవ్వారు. తర్వాత నేల క్లాసు నుంచి తెర మీదికి మట్టిబెడ్డలు పడ్డాయి. శ్రీరంగప్ప ఆడవాళ్ళ వైపు పరుగెత్తుకొచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. అమ్మా, నీకు ఇంగ్లీషు వస్తాది, వాళ్ళు ఏమంటాండారో జెప్పమ్మా, లేకుంటే గుంజలు పీకుతారు వీళ్ళు అన్నాడు. వాళ్ళేమీ అనడం లేదు, బేబీ బేబీ అంటున్నారు అన్నాను. కథ లేకుంటే నువ్వే ఒకటి చెప్పు అని మైకు చేతిలో పెట్టాడు.

తిట్టి పంపేదాన్నే. అప్పుడే తెర మీద వాన మొదలైంది. నిజం వాన. సినిమాకని పైపులతో కొట్టింది కాదు. ఆ మైదానంలో జనం నెత్తిన పడుతోంది, ఒక్కరూ లేచి పోవడం లేదు. ఒక అమ్మాయి మొహం పైకెత్తి నోరు తెరిచి నిలబడింది. బురద. మోకాళ్ళ దాకా బురద. టెంటులో మట్టి విసిరే చేతులు ఆగిపోయాయి. పక్కన ముసలమ్మ ఒకతి చెయ్యి చాపింది, తెర వైపు.

నాకు తెలియకుండానే మైకులో మాట వచ్చింది. ఇది మూడేళ్ళుగా వాన లేని ఊరు అన్నాను. ఈ నలుగురూ వాన పాటగాళ్ళు, వాన పడేదాకా తలమీద కత్తి పెట్టబోమని మొక్కుకున్నారు, అందుకే ఆ జుట్టు అన్నాను. బేబీ అంటే ఏందమ్మా అని మగవాళ్ళ వైపు నుంచి ఎవరో అడిగారు. మేఘాన్ని ముద్దుగా పిలుస్తున్నారు అన్నాను. టెంటు మొత్తం ఊ కొట్టింది.

చీకట్లో కూర్చుని మాట్లాడుతున్నాను. నా చేతులు ఎవరికీ కనపడవు, నా మూతి ఎవరికీ కనపడదు. గొంతు ఒక్కటే వాళ్ళ దగ్గరికి వెళుతోంది. పన్నెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఒక్క పిల్లవాడూ నా మచ్చలు చూడకుండా పాఠం వినలేదు. ఈ రాత్రి ఊరంతా విన్నది.

చివరి రీలు ఇంకా ఉండగానే టెంటు గుడ్డ మీద టపటపమంది. మొదట డ్రమ్స్ అనుకున్నాము. కాదు. జనరేటరు తడిసిపోతుందని నాగప్ప మిషన్ ఆపేశాడు. అందరూ బయటికి పరుగెత్తారు. నేనూ.

24 ఆగస్టు

దుమ్ము అణగేంత పడింది. అంతే. అయినా దారిలో ఇద్దరు ఆడవాళ్ళు నాకు దండం పెట్టారు. సినిమాకు పేరు కూడా పెట్టేశారు, జుట్టోళ్ళ సినిమా అని.

26 ఆగస్టు

ఎండ మళ్ళీ మొదలు. ఓబక్క బిందె దించి, నా మొహం చూడకుండా చెప్పింది. టీ హోటల్ దగ్గర మాటలు నడుస్తున్నాయట. వచ్చిన వాన యాడికి పోయినాది, ఎవురు ఆపినారు అని. ఈ ఏడు ఊర్లో ఎవురిని పూడ్చినారు అని ఎవరో అడిగారట. తొన్ను ఉండేవాళ్ళని మట్టిలో పెడితే మేఘం ఆ పక్కకు రాదంట టీచరమ్మా, తీసి కాలిస్తే గానీ రాదంట, వీరప్ప నాయన కాలంలో అట్ల జేస్తే మాపటికే వంక పారిందంట, నేను చూడలేదులే, అంటాండారు అంది.

ఆ ఆచారం గురించి నేనెప్పుడో విన్నాను. ఎక్కడో, ఎవరికో జరిగేదని విన్నాను. మా అమ్మకని అనుకోలేదు.

ఓబక్క వెళ్ళాక తలుపు గడియ వేసుకుని కూర్చున్నాను. అమ్మ రోగంతో పోలేదు, పాపంతో పోలేదు, గుండె ఆగి పోయింది.

27 ఆగస్టు

నేనే వీరప్ప ఇంటికి వెళ్ళాను. దాగుడుమూతలు నాకు చేతకావు. ఆయన మర్యాదగా మంచం వేయించాడు. పోయినేడు మా అమ్మ బతికే ఉంది, అప్పుడూ వాన లేదు గదా అన్నాను. పోయినేటి కారణం వేరే టీచరమ్మా అన్నాడు. ఏం కారణం అంటే చెప్పలేదు. అమ్మకు నిప్పంటే ఎంత భయమో, నేను ఏం మాట ఇచ్చానో అంతా చెప్పాను. విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. చెడ్డవాడు కాదు. అదే నా భయం. చెడ్డవాడైతే తిట్టి వచ్చేదాన్ని.

అప్పుడు నాకో ఉపాయం తట్టింది. అన్నా, శుక్రవారం సినిమా పూర్తిగా ఆడలేదు, చివరి రీలు పడలేదు, అందుకే వాన కూడా అంతంత మాత్రం పడింది అన్నాను. వీరప్ప బీడీ ఆర్పాడు. నిజమే, సగం సినిమాకు సగం వాన అన్నాడు. పూర్తిగా ఆడిద్దాం, వాన వస్తే నీ తల్లి జోలికి ఎవుడూ పోడు, పూచీ నాది అన్నాడు. రాకపోతే అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

దారంతా నాలో నేను నవ్వుకుంటూ వచ్చాను. వాళ్ళ లెక్కతోనే వాళ్ళకు జవాబు చెప్పాను, టీచర్ని కదా. ఇంకోటి కూడా ఉంది, ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను. మళ్ళీ మైకు పట్టుకోవాలని నాకు కోరికగా ఉంది.

28 ఆగస్టు

చివరి రీలులో ఏముందని నాగప్పను అడిగాను. నేను బొమ్మ చూడను మేడమ్, మిషన్ దీపానికి కార్బన్ కడ్డీలు చూసుకుంటాను అన్నాడు. ఒకసారి వేసి చూపమంటే శ్రీరంగప్ప నసిగాడు. నేనూ పట్టుబట్టలేదు. ఇంకో పాట ఉంటుంది, అంతే కదా.

30 ఆగస్టు, శుక్రవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

టెంటు పట్టనంత జనం. మిషన్‌కు పసుపు పూశారు, తెర ముందు టెంకాయ కొట్టారు. నాగప్ప భయంగా నవ్వాడు. నేను మైకు పట్టుకుని మొదటి రోజుకంటే బాగా చెప్పాను. ఈసారి కథలో ఒక ముక్క కలిపాను. వాన రాలేదని ఆ ఊరివాళ్ళు ముందు ఒక పోయిన మనిషి మీద నేరం మోపబోయారు, పాటగాళ్ళు వద్దన్నారు, పోయినోళ్ళ జోలికి పోతే మేఘం సిగ్గుపడి వెనక్కి పోతుందన్నారు అని. ఊ అన్నారు. వీరప్ప ముందు బెంచీలో కూర్చుని ఊ అన్నాడు. నాకు గుండె తేలికైంది.

చివరి రీలు వచ్చింది.

పాట ఆగింది. డ్రమ్స్ మాత్రం మోగుతున్నాయి, మెల్లగా, ఒకే దెబ్బ. ఇద్దరు మనుషులు పొడవాటి నల్ల పెట్టె ఒకటి మోసుకొచ్చి స్టేజీ మీద దించారు. మూత తీశారు. పాడేవాడు వంగి, లోపలి నుంచి రెండు చేతులతో ఒక పాత గిటారు ఎత్తాడు. గోధుమ రంగుది. పెయింటు అక్కడక్కడ ఊడిపోయి తెల్ల మచ్చలు. మెడ మీద మచ్చలు, ఒంటి మీద మచ్చలు. దాన్ని వెల్లకిలా పడుకోబెట్టాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చిన్న డబ్బాతో ఏదో చల్లాడు. అగ్గిపుల్ల గీశాడు.

మంట లేచింది. స్టేజీకి కప్పు ఉంది కాబట్టి మంట మండుతోంది, బయట జనం మీద వాన రెండింతలైంది. అంత జనమూ చేతులు పైకెత్తారు.

టెంటులో ఎవరో మెల్లగా అన్నారు, తొన్ను అని. ఇంకెవరో, పెట్టెలో నుంచి తీసినారు చూడు అన్నారు. అది గిటారు, అది కర్ర వాద్యం, పాతదైపోయిందని కాలుస్తున్నారు అని నేను మైకులో చెబుతూనే ఉన్నాను. పాటగాళ్ళకు ఇక దానితో పని లేదు అన్నాను. ఎవరూ ఊ అనలేదు. మైకు పనిచేస్తోంది, నా గొంతు నాకు వినపడుతోంది. వాళ్ళకు ఇక నా కథ అక్కర్లేదు. తెర వాళ్ళతో నేరుగా మాట్లాడింది.

బయటికి వస్తే పున్నమి. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. వీరప్ప తల వంచుకుని, నా పక్కనుంచే వెళ్ళిపోయాడు.

31 ఆగస్టు

శ్రీరంగప్ప తెల్లవారకముందే టెంటు విప్పేశాడు. పెట్టె బళ్ళారి బస్సు ఎక్కింది. సినిమా పోతే పీడ పోతుందనుకున్నాను. అది పోలేదు, వాళ్ళ తలకాయల్లో ఆడుతోంది.

3 సెప్టెంబరు

రీసెస్‌లో పిల్లలు కొత్త ఆట కనిపెట్టారు. ఒకడు డబ్బా కొడతాడు, ఇద్దరు ఇసుకలో నుంచి చెక్క ముక్క తీస్తారు, ఒకడు ఉత్తుత్తి అగ్గిపుల్ల గీస్తాడు, మిగతావాళ్ళు చేతులెత్తుతారు. చెక్క ముక్క మీద సుద్దతో చుక్కలు పెట్టారు. నా టేబుల్ మీది సుద్దే.

5 సెప్టెంబరు

టీచర్స్ డే. వీరప్ప, ఇంకో నలుగురు వచ్చారు. ఆకు వక్క, టెంకాయ తెచ్చారు. స్కూలుకు వచ్చారనుకున్నాను. నా రూముకు.

దౌర్జన్యం చెయ్యరట. అమ్మను తీసి కాల్చడం పాడు పని కాదట, ఊరికోసం చేసే పని. కాబట్టి కడుపున పుట్టినదాని నోట ఊ అనిపించుకునే చెయ్యాలట, లేకుంటే ఫలం రాదట. నువ్వు ఊ అంటే చాలు టీచరమ్మా, పని అంతా మేము జూసుకుంటాము అన్నాడు వీరప్ప. అనను అన్నాను. గట్టిగానే అన్నాను. సరేలే తల్లీ, నిదానంగా ఆలోచన చెయ్యి అన్నాడు. ఆకు వక్క గడప మీదే పెట్టి వెళ్ళారు.

అంటే నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు. అమ్మ క్షేమం. ఇంత సులువైన పని దేవుడు నాకెప్పుడూ ఇవ్వలేదు.

8 సెప్టెంబరు

పిల్లలు బడికి రావడం లేదు. ఎవరూ ఏమీ అనడం లేదు. మాట్లాడితే నవ్వుతూనే మాట్లాడతారు. ఓబక్క నీళ్ళు తేవడం మానలేదు, కానీ బిందె వాకిట్లో దించి వెళ్ళిపోతోంది. పిలిస్తే, పనుండాది అంటోంది.

10 సెప్టెంబరు

రెండిళ్ళకు తాళాలు పడ్డాయి. బెంగుళూరుకు కూలికి పోయారు. పోతూ పోతూ నా వాకిలి ముందు ఒక్క క్షణం ఆగారు. సామాను నెత్తిన పెట్టుకునే ఆగారు. చిన్న పిల్ల చంకలో నిద్రపోతోంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఒక చచ్చిన మనిషి కోసం ఇంతమందిని ఎండబెడుతున్నానా అని రాత్రి నాకే అనుమానం వచ్చింది. పొద్దున్నే ఆ అనుమానానికి చెప్పు తీసుకుని కొట్టాను. మేఘాలకు మా అమ్మ చర్మంతో ఏం పని?

12 సెప్టెంబరు, మధ్యాహ్నం

రేడియోలో కడప స్టేషన్ చెప్పింది. బంగాళాఖాతంలో వాయుగుండం. రాయలసీమలో భారీ వర్షాలు. రెండు రోజుల్లో, మూడు రోజుల్లో. ఒంటరిగా రూములో చప్పట్లు కొట్టాను. రెండు రోజులు నోరు తెరవకుండా ఉంటే వాన దానంతట అదే వస్తుంది. అమ్మ మట్టిలో ఉండగానే వస్తుంది. అప్పుడు చూస్తాను ఒక్కొక్కరి మొహాలు.

12 సెప్టెంబరు, రాత్రి

నన్ను ఏం చేసినా పాపం లేదు.

సాయంత్రం వార్తల వేళకు రేడియో చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. వీరప్ప ఒంటరిగా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సమాధి మాట ఎత్తలేదు. ఎద్దుల సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. మేత లేక గోరంట్ల వాళ్ళకు అమ్మేశాడట, పాత జత. ఊ అన్నాను. రేడియోలో గరగర. వార్తలు వస్తున్నాయి, స్టేషన్ జారిపోతోంది. ఒక ఎద్దు మలుపు దగ్గర నిలబడి తిరిగి చూసిందట. ఊ అన్నాను. ఎవరైనా కథ చెబుతుంటే ఊ కొట్టకుండా ఎలా ఉంటాం, చిన్నప్పటి నుంచి అలవాటైపోయిన నోరు. వాయుగుండం తీరం వైపు కదులుతోందని వినపడింది, ఎటు వైపో వినపడలేదు. మీట తిప్పుతున్నాను. ఆయన చెబుతున్నాడు, నేను ఊ అంటున్నాను. కోడలు పుట్టింటికి పోయిందని. ఊ. బావిలో బురద కూడా ఎండిందని. ఊ. నెల్లూరు అని వినపడింది రేడియోలో, ఆ తర్వాత ఏమందో. శనివారం అమావాస్య మంచిది, పసుపు కుంకుమ పెట్టి మర్యాదగా చేద్దామని.

ఊ అన్నాను.

రేడియో ఆగిపోయింది. వీరప్ప లేచి నిలబడ్డాడు. వంగి నేల తాకి కళ్ళకు అద్దుకున్నాడు. సల్లంగుండు తల్లీ అన్నాడు. అప్పుడు గానీ ఆయన చివరి మాట నా చెవికి అందలేదు.

నేను ఊరికే ఊ కొట్టానన్నా అని వెనక పరుగెత్తాను. ఆయన తిరిగి చూడలేదు. వీధి మొదట్లోనే చెప్పేశాడు. నేను అక్కడికి చేరేసరికి ఆడవాళ్ళు అరుగుల మీద నుంచి లేచి నిలబడి ఉన్నారు. ఓబక్క వచ్చి నన్ను కావలించుకుని ఏడ్చింది. చాలా రోజుల తర్వాత ముట్టుకుంది నన్ను.

13 సెప్టెంబరు

ఒక్క రోజు ఆగండి అన్నాను, వాయుగుండం అన్నాను. రేడియో ఈ ఏడు ఎన్నిసార్లు చెప్పినాది టీచరమ్మా అన్నాడు వీరప్ప. నా ఊ వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. ఆయనకు నిజంగా బాధ కలిగింది. ఆ మాట ఎట్ల తీసుకుంటావు తల్లీ, నోట్లో నుంచి వచ్చినాది గదా అన్నాడు.

మధ్యాహ్నం గడ్డపార తీసుకుని వంక దగ్గరికి వెళ్ళాను. అమ్మను నేనే ఇంకెక్కడికైనా మార్చుకుందామని. ఎక్కడికో తెలియదు. రాళ్ళ పక్కన ఊరివాళ్ళు తిప్పన్న, ఆదెన్న కావలి కూర్చుని ఉన్నారు, తువ్వాళ్ళు నెత్తిన వేసుకుని. లేచి నిలబడి గడ్డపార నా చేతిలో నుంచి మెల్లగా తీసుకున్నారు. నీకెందుకమ్మా కష్టము, మేము లేమా అన్నారు. నన్ను ఇంటి దాకా దిగబెట్టారు.

తూర్పున సన్నగా మబ్బు. ఈ రాత్రికే రావాలి. రా తల్లీ. బేబీ అని పిలవమంటావా, పిలుస్తాను.

14 సెప్టెంబరు, శనివారం

రాలేదు.

పొద్దున తొమ్మిదింటికి. అందరూ స్నానాలు చేసి వంక దగ్గరికి వచ్చారు. తప్పెట ఉంది, కానీ కొట్టింది మన దెబ్బ కాదు. మెల్లగా, ఒకటే దెబ్బ. వాళ్ళకు గుర్తుంది. తిప్పన్న డబ్బాతో కిరసనాయిలు చల్లేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

అమ్మకు నిప్పంటే భయం అని ఇంకోసారి చెప్పాను, ఎవరికి చెప్పానో తెలియదు. వీరప్ప నా తల మీద చెయ్యి వేశాడు. తెలుసు తల్లీ, అందుకే ఇంత ఎండలో పెట్టుకున్నాము, ఎండలో మంట కనపడదులే అన్నాడు.

నిజంగానే కనపడలేదు. గాలి మాత్రం వణికింది. అందరూ చేతులు పైకెత్తారు.

మాట ఇచ్చింది నేను. తప్పింది నేను.

16 సెప్టెంబరు

వాన. నిన్న రాత్రి మొదలైంది. వంక పారుతోంది. రేడియో చెప్పిన వాయుగుండమే, చెప్పినట్టే మూడో రోజుకు. ఈ మాట ఊర్లో వినేవాళ్ళు లేరు.

పిల్లలందరూ బడికి వచ్చారు, తడుస్తూ. వీరప్ప దారిలోనే నా కాళ్ళకు మొక్కబోయాడు. మీ అమ్మ మా ఊరికి అమ్మవారు టీచరమ్మా అన్నాడు. నేను వానలో నిలబడ్డాను. ఒళ్ళంతా చల్లగా ఉంది. బాగుంది అనిపించింది. అలా అనిపించినందుకు నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోను.

19 సెప్టెంబరు

ఇంకా పడుతోంది. ఓబక్క వచ్చి నా తల తుడిచింది. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, మచ్చల మీదే నిమురుతూ, నువ్వేమీ దిగులు పెట్టుకోవద్దు టీచరమ్మా, నీకు ఎవురూ లేరని అనుకోవద్దు, నిన్ను మాత్రం మేము పూడ్చనియ్యము, ఊరందరూ మాట అనుకున్నాము అంది.

ప్రేమగానే అంది.